కూర్చున్న గల్‌ను నమ్మొద్దు

నేను చేసిన ఉద్యోగం ఏందో మా అత్తమ్మకు చివరి దాకా సమజ్ కాలే. సూరారంల మా గల్లీవాళ్లు ఎవరన్న అడిగితే "మా కోడలు ఫొటో స్టూడియోల పనిచేస్తది" అని చెప్తుండె. ఆ మాట నమ్మి ఇద్దరు ముగ్గురు తలలు దువ్వుకొని, ఇస్త్రీ చొక్కాలు వేసుకొని, పాస్‌పోర్ట్ ఫొటోలకని మా ఇంటికి వచ్చిన్రు గూడ. వాళ్లకు చాయ్ పోసి పంపిన.

నేను ఎవరి ఫొటో తీసినదాన్ని కాదు. ఊరూరి చెరువుల కాడ వేరేవాళ్లు తీసి పంపిన ఫొటోలు చూసి, అందుల ఉన్న పిట్ట పేరు చెప్పేది నా పని. మేడ్చల్‌ల ఒక మెడికల్ షాపు మీద రెండు గదుల ఆఫీసు మాది. ఏ చెరువుకు ఏ పిట్ట ఎప్పుడొచ్చిందో రిజిస్టర్‌ల ఎక్కించి దాచేది. పంపినోళ్లు చెప్పిన పేరు నిజమైతే "ఖాయం", తప్పైతే "కాదు", తేలకపోతే "తెలియదు". ఈ మూడు మాటలతోటి నా సర్వీసంతా గడిచింది. దీనికి జీతం గూడ ఇస్తరంటే మొదటి నెల నేనే నమ్మలే.

ఇప్పుడు నా కుర్చీల కొత్తగ కూర్చున్న పిల్లలు, మేడం, ఏమన్న రాసిపెట్టుండ్రి అని అడిగిన్రు. ప్రమోషన్లు ఎప్పుడొచ్చినయో, ఏ ఫారం ఎట్ల నింపాల్నో రాయను. అవి వాళ్లే నేర్చుకుంటరు. గల్‌ల గురించి రాస్త. ఎందుకంటే నేను చేసిన తప్పులన్నీ వాటి దగ్గరనే చేసిన, నేను పడ్డ సంబురం గూడ ఎక్కువ వాటితోనే.

తలలు లేని పేర్లు

చలికాలం మన చెరువుల మీద తిరిగే తెల్లటి పిట్ట గల్. కాకంత ఉంటది. వీపు బూడిద రంగు, ముక్కు ఎరుపు, కాళ్లు ఎరుపు. మన దిక్కు రెండు రకాలు ఒక్క తీరుగ కనిపిస్తయి. ఒకటి గోధుమతల గల్. ఇది గుంపులు గుంపులుగ వస్తది. ఇంకోటి నల్లతల గల్. ఇది మన దగ్గర దొరుకుడు కష్టం.

ఇగ వినుండ్రి. నల్లతల గల్ తల నల్లగ ఉండదు, చాక్లెట్ రంగుల ఉంటది. గోధుమతల గల్ తలది గూడ అదే రంగు, కొంచెం లేత. ఆ రంగన్న ఎప్పుడుంటది? ఎక్కడో ఉత్తరాన గుడ్లు పెట్టే కాలంల ఉంటది. మన శామీర్‌పేట చెరువుకు వచ్చేసరికి రెండింటి తలలూ తెల్లగైపోతయి. చెవి కాడ ఒక నల్ల మచ్చ మాత్రం మిగులుతది, కాటుక పెట్టిన వేలు తుడుచుకున్నట్టు. అంటే పేరు తలను బట్టి పెట్టిన్రు, ఆ తల మనకు కనపడదు. నేను చేరిన మొదటి వారం ఇది విని పొట్ట పట్టుకొని నవ్విన. మా విఠల్ సార్ నవ్వలే.

విఠల్ సార్

నాకు పని నేర్పింది విఠల్ సార్. ఆ ఆఫీసు పెట్టినోళ్లల ఒకరు. బక్కపలచని మనిషి, ఎండాకాలం గూడ ఫుల్ చేతుల చొక్కా వేసేటోడు. అప్పట్ల ఫొటోలు స్లైడ్‌ల మీద వచ్చేవి. అగ్గిపెట్టెంత ఫిల్ము ముక్క, చుట్టూ అట్ట ఫ్రేము. కింద ట్యూబ్‌లైట్ పెట్టిన అద్దం బల్ల మీద దాన్ని ఉంచి, భూతద్దంతోటి చూసేది.

సార్ నాకు స్లైడ్ ఇచ్చే ముందు పిట్ట తల మీద చిన్న కాయితం ముక్క పెట్టేటోడు. ఇప్పుడు చెప్పు అనేటోడు. తల చూస్తే మనకు ఎరుకున్న మొఖమే అనిపిస్తదనీ, అక్కడనే మోసపోతమనీ ఆయన భయం. కన్ను చూడాలె అని పుస్తకాలల్ల ఉంటది. పెద్ద గోధుమతల గల్ కన్ను తెల్లగ, నల్లతల దాని కన్ను నల్లగ. నిజమే. కాని గోధుమతల గల్ పిల్లకు గూడ కన్ను నల్లగనే ఉంటది. ముక్కు సన్నదా లావుదా అంటే, ఫొటో తీసిన కోణాన్ని బట్టి మారుతది. ఖరారుగ చెప్పేది రెక్క ఒక్కటే. లేచినప్పుడు రెక్క ముందంచు కొస దాకా తెల్లగ మెరిస్తే నల్లతల. కొసకు వెడల్పుగ నలుపు పరుచుకొని ఉంటే గోధుమతల. ముడిచిన రెక్కల ఇదేదీ కనపడదు. అందుకే ఆయన రోజుకొకసారన్న అనేటోడు: "కూర్చున్న గల్‌ను నమ్మొద్దు."

ఇంకోటి గూడ చెప్పాలె. ఒకరోజు నేను నింపిన రిజిస్టర్ పేజీ తిప్పి చూస్తూ, "అనసూయమ్మా, ఖాయం అని రాసేటప్పుడు నీ అక్షరాలు ఇంతింత ఉన్నయి. తెలియదు అని రాసేటప్పుడు చీమల లెక్క అయితున్నయి. ఎందుకు?" అని అడిగిండు. నాకు సిగ్గయింది. ఆ దినం నుంచి రెండూ ఒక్క సైజుల రాసుడు మొదలుపెట్టిన. చెప్పుకోవాలంటే నా ఉద్యోగంల అన్నిటికంటే కష్టమైన పని అదే.

ఆయన గొప్పోడని అన్నిటినీ మెచ్చుకుంట లేను. సార్‌కు కోపం జల్దీ వస్తుండె. ఫొటో పంపినోళ్లకు ఒక్క మాట గూడ వివరంగ రాయనిచ్చేటోడు కాదు. మనం జవాబు చెప్పేటోళ్లం గని పాఠం చెప్పేటోళ్లం కాదు అనేటోడు. ఆ అలవాటు నాకు గూడ అంటుకున్నది. అది తప్పని తెలిసేసరికి నా రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది.

కొంపల్లి మిఠాయి

చేరిన నాలుగైదేండ్లకు నాకు కొంచెం తలకెక్కింది. కొంపల్లిల ఉండే కిరణ్ అనే ఒక ఇంజినీరు శామీర్‌పేట నుంచి ఒక ఫొటో పంపిండు. రాయి మీద కూర్చున్న గల్. నల్ల కన్ను, సన్న ముక్కు, అద్దంల చూసినట్టు సాఫ్ ఫొటో. సార్ ఆ వారం సెలవుల ఉండె. నేను ఒక్క నిమిషం గూడ ఆగలే. నల్లతల గల్, ఖాయం. అక్షరాలు ఎంత పెద్దగ రాసిన్నో ఇప్పటికీ యాదికున్నది.

కిరణ్ వాళ్ల అపార్ట్‌మెంట్‌ల మిఠాయి పంచిండట. పేపర్‌ల చిన్న వార్త పడ్డది. రెండు వారాలైనంక ఆయన ఎంతో ప్రేమతోటి, మేడం ఇవి గూడ మీ దగ్గర ఉండనీయండి అని మిగిలిన ఫొటోలు పంపిండు. అదే పిట్ట, రాయి మీదికెల్లి లేస్తున్నది. రెక్క విప్పి ఉన్నది. కొసకు తారు పూసినట్టు ఇంత వెడల్పు నలుపు. గోధుమతల గల్ పిల్ల.

మూడు రోజులు ఆ కవరు నా డ్రాయర్‌ల పెట్టుకున్న. నాలుగో రోజు సార్ బల్ల మీద పెట్టిన. తిడతడనుకున్న. ఆయన చూసి, ఫోన్ నా దిక్కు జరిపిండు. "నువ్వే చెప్పాలె. ఇప్పుడే" అన్నడు.

ఫోన్‌ల చెప్పలేక మరునాడు కొంపల్లికే పోయిన. కిరణ్ తలుపు తీసి, ఎవరో తెలిసి, లోపలికి పిలిచి, వాళ్లమ్మను గూడ కూర్చోబెట్టిండు. నేను ఫొటోలు పరిచి రెక్క చూపించి, తప్పు మీది కాదు నాది అని చెప్పిన. ఆయన మొఖం వాడిపోయింది. వాళ్లమ్మ మాత్రం ఫొటోను కండ్ల దగ్గర పెట్టుకొని చూసి, "ఇది ఇంకా చిన్నపిల్లనా? మరి ఇంత దూరం ఒక్కతే ఎట్లొచ్చింది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్తుంటె గంట గడిచింది. హిమాలయాల అవతల సరస్సుల గురించి చెప్పిన, మొదటి చలికాలం గురించి చెప్పిన. నేను లేచేసరికి కిరణ్ గూడ నవ్వుతున్నడు. ఆయన తర్వాత ఎన్నో ఏండ్లు ఫొటోలు పంపిండు. ప్రతిదాంట్ల రెక్క విప్పి ఉండేది.

కంప్యూటర్ సంగతి

సార్ రిటైరైనంక ఆఫీసు పెద్దగ వచ్చిన ఆయనకు తొందర ఎక్కువ. ఫొటో పెడితే పేరు చెప్పే ప్రోగ్రాం తెప్పిచ్చిండు. దాని మీద నాకు కోపం లేదు, మస్తు పని తగ్గిచ్చింది. కొంగల్ని, బాతుల్ని చిటికెల చెప్తది. గల్‌ల దగ్గర మాత్రం కొత్తల నేనున్నట్టే ఉంటది. తెలియదు అనడానికి దానికి మనసొప్పదు. మసకగ ఉన్న ఫొటోలు వెంటనే వాపస్ పంపాలె అనేది కొత్తాయన పెట్టిన ఇంకో రూలు. నేను సంతోషంగ పాటించిన. చెప్పిన గద, వివరం రాయకుండ జవాబిచ్చుడు నాకు పాత అలవాటే.

బాలమణి

నా సర్వీసు ఇంకో నెలన్నర ఉన్నదనంగ, శామీర్‌పేట చెరువు నుంచి ఎవరో ఫోన్‌తోటి తీసిన ఫొటోలు రావట్టినయి. పంపిన మనిషి పేరు బాలమణి. నీళ్లు, ఆకాశం, నడుమ తెల్లటి చుక్క. తెలియదు అని పంపిన. వారానికి మల్ల వచ్చినయి. తెలియదు. మూడోసారి గూడ అంతే.

నాలుగోసారి ఫొటో రాలే. మనిషే వచ్చింది. మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, కొంగు నడుముకు చెక్కి నా బల్ల ముందర నిలబడ్డది. నలభై దాటిన మనిషి. భర్తతోటి కలిసి చెరువుల వల వేస్తది, కట్ట మీద చేపలు కోసి అమ్ముతది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఆటోల నా కోసమే వచ్చింది.

"మేడం, నా పిట్టను మూడుమార్లు వాపస్ పంపినవ్" అన్నది.

ఫొటోల రెక్క కనపడ్తలేదు, కనపడకుంటె నేను చెప్పలేనని నెమ్మదిగ చెప్పిన.

"రెక్క గావాల్నా? మూడుమార్లు తెలియదు తెలియదు అని రాసినవ్ గని, నీకు ఏం గావాల్నో ఒక్కమారన్న రాసినవా?"

ముప్పై ఏండ్లల నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమెకు కుర్చీ వేసి, నువ్వు చూసింది చెప్పమన్న.

ఆమె చెప్పింది. చేప కడిగిన నీళ్లు, పేగులు పారవోస్తే తెల్లపిట్టలన్నీ మీదికొస్తయట. అందుల ఒక్కటి సన్నది. ముందుగాల వస్తది గని తినలేదు, మిగిలినవి నోటికాడిది గుంజుకుంటయి. చెరువు కాడ అందరూ, అన్ని ఒక్కటే పిట్టలు, నీకు కండ్లు మసకలొచ్చినయి అని నవ్వుతున్నరట. "గది లేచినప్పుడు చూడాలె మేడం. రెక్క ముందట కత్తి లెక్క తెల్లగ మెరుస్తది. వేరేటియి గట్ల మెరవయి."

కత్తి లెక్క. ఏ పుస్తకమూ చూడని మనిషి, పుస్తకంల ఉన్న గుర్తును పుస్తకం కంటె మంచిగ చెప్పింది. మరునాడు పొద్దున్నే వస్తనని మాటిచ్చిన.

ఆమె తెప్ప అంటె థర్మకోల్ దిమ్మలకు గోనెసంచి చుట్టి కట్టింది. నాకు ఈత రాదు. బాలమణి నా నడుముకు లారీ ట్యూబు తొడిగి, బోర్ల పండుకోమన్నది. యాభై ఎనిమిదేండ్ల ఆఫీసరమ్మను నేను, మెడల ఇంత పెద్ద కెమెరా వేసుకొని, చేపల వాసన వచ్చే గోనె మీద తాబేలు లెక్క పండుకున్న. ఆమె వెనక కూర్చొని గెడతోటి తోసింది. చెరువు నడుమకు పోయినంక బకెట్ల చెయ్యి పెట్టి, పేగులు గాల్లకు ఇసిరింది.

వందకు పైన రెక్కలు ఒక్కసారి మా మీదికొచ్చినయి. నేను ముప్పై ఏండ్లు గల్‌లను బల్ల మీద చూసిన, తెర మీద చూసిన. మొఖానికి రెక్క గాలి తగిలేంత దగ్గర ఎన్నడూ చూడలే. ఒకటి నా నెత్తి మీద కాలు పెట్టి లేచింది. కెమెరా బటన్ నొక్కుతనే ఉన్న, ఎటు నొక్కుతున్ననో తెల్వది. బాలమణి "అగో, అగో, గదే" అంటున్నది. నాకు అన్నీ అదే అనిపిస్తున్నయి.

నేను తీసినవన్నీ తెప్ప మీదనే తిప్పి చూసుకున్న. ఆకాశం, ఆకాశం, బాలమణి మోచెయ్యి, ఒక ఎర్ర కాలు, ఆకాశం. చివరివాటిల అద్దం మీద రెట్ట. బాలమణి చేతులు కొంగుకు తుడుచుకొని, పగిలిన అద్దమున్న తన ఫోన్ ఇచ్చింది. నేను కెమెరాతోటి కొట్లాడుతుంటె ఆమె ఒక్కచేతితోటి వరుసగ పదకొండు తీసిందట. నాలుగోదాంట్ల ఆగిపోయిన.

నల్ల కన్ను. సన్న ముక్కు. విప్పిన రెక్క ముందంచున మడత నుంచి కొస దాకా తెల్లటి కత్తి. కొసన గీత గీసినట్టు సన్నటి నలుపు. ఏ అనుమానం లేదు, ఏ కాయితం ముక్క అవసరం లేదు. నాకు నవ్వు మొదలైంది, ఆగలే. తెప్ప ఊగుతున్నది, ట్యూబు కిర్రుమంటున్నది.

"ఏందక్కా, ఏడుస్తున్నవా నవ్వుతున్నవా?" అని అడిగింది బాలమణి. మేడం పోయి అక్క వచ్చింది. నల్లతల గల్, ఖాయం అని చెప్పిన. ఆమె తలూపి, "నాకెర్కే" అన్నది.

అట్ట కింది రెక్క

రిజిస్టర్‌ల ఎక్కించే ముందు అదే చెరువు పాత ఎంట్రీలు చూసేది పద్ధతి. చూసిన. నేను చేరకముందే ఒకటున్నది. శామీర్‌పేట, నల్లతల గల్, ఒకటి, ఖాయం. తీసింది విఠల్ సార్, రాసింది విఠల్ సార్. ఆ ఫొటోను ఆయన పెద్దగ చేపిచ్చి యాప్రాల్‌ల తన ఇంటి ముందర గదిల తగిలిచ్చుకున్నడని మా అందరికీ తెలుసు.

బాలమణి పిట్ట రెండోదైతది, అంతే గద అనుకున్న. పక్కపక్కన పెడితె మంచిగుంటదని సార్ స్లైడ్ బయటికి తీసిన. కంప్యూటర్‌లకు ఎక్కించాలంటె అట్ట ఫ్రేము విప్పాలె. విప్పిన. పిట్ట కూర్చొని ఒక రెక్కను బద్ధకంగ పక్కకు చాపింది. ఇన్నేండ్లు ఆ రెక్క కొస అట్ట కింద ఉండిపోయింది. కొస మొత్తం నలుపు. అంచున తెలుపు లేదు.

ఫిల్మును మల్ల అట్టల పెట్టిన. చూసింది నేనొక్కదాన్నే. సార్‌కు ఎనభై దాటినయి, మోకాళ్లు నడవనిస్తలేవు. మూడు దినాలల్ల నేను రిటైరైపోత. ఎవరికి నష్టం? ఇట్ల నాకు నేనే చెప్పుకున్న. కాని అది అట్లనే ఉంటె చెరువుల మొదటి నల్లతల గల్‌ను చూసిన మనిషి బాలమణి కాకుండపోతది. ఆమె కండ్లను చూసి నవ్వినోళ్లల నేను గూడ ఒకదాన్నయిత.

యాప్రాల్ పోయిన. సార్ కిటికీ కాడ కూర్చున్నడు. ఏం చెప్పకుండ అట్ట లేని ఫిల్ము, భూతద్దం చేతికిచ్చిన. వెలుగుకు పెట్టి చూసిండు. చానాసేపు చూసిండు. రెక్క కొస పడని గోడ మీది ఫొటో దిక్కు ఒకసారి చూసి, మల్ల ఫిల్ము చూసిండు.

"ఎన్ని రోజులు దాచుకున్నవ్?" అన్నడు.

"రెండు రోజులు సార్."

"పోయినసారి మూడు రోజులు దాచినవ్. బాగుపడ్డవ్."

అన్నంక ఆయన నవ్విండు. సార్ పండ్లు బయటపెట్టి నవ్వుడు నేను చూసింది అదే మొదలు. నవ్వీ నవ్వీ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. రిజిస్టర్ తెచ్చినవా అని అడిగిండు. తెచ్చిన. తన రాతను తనే కొట్టేసి, పక్కన "కాదు" అని రాసి సంతకం పెట్టిండు. ఆ అక్షరాలు మిగిలినవాటంత పెద్దగనే ఉన్నయి. అప్పుడు ఏదో తట్టినట్టు తల ఎత్తిండు.

"అంటె నేను నల్లతల గల్‌ను ఎన్నడూ చూడలేదన్నట్టు."

"లేదన్నట్టే సార్."

"ఆ బాలమణి రేపు చెరువు కాడ ఉంటదా?"

మరునాడు కార్ల తీసుకపోయిన. కట్ట మీద చేపలు వేయించే బండి కాడ ప్లాస్టిక్ కుర్చీ అడిగి, నీళ్ల అంచున వేసి కూర్చోబెట్టిన. బాలమణి తెప్ప మీద పోయి పేగులు ఇసిరింది. పిట్టలు లేచినయి. సార్ చేతిల దుర్బీన్ నిలుస్తలేదు, ఎటో తిరిగిపోతున్నది. రెండుమార్లు చూసి బాలమణి ఒడ్డుకొచ్చింది. బకెట్ నా చేతికిచ్చి, ఆయన వెనక నిలబడి, తడి చేతులతోటి ఆయన తలను రెండు దిక్కులా పట్టుకొని మెల్లగ తిప్పింది. "గటు కాదు పెద్దసారు, గిటు. ఇగ ఉండు." నన్ను ఇసరమన్నది. చేతనైనంత దూరం ఇసిరిన.

సార్‌కు పిట్ట కనపడ్డది. దుర్బీన్ దించకుండనే "మల్లొకసారి లేపుండ్రి" అన్నడు. మల్ల ఇసిరిన. మల్లొకసారి అన్నడు. బకెట్ ఖాళీ అయ్యేదాకా అట్లనే అన్నడు. బాలమణి బకెట్ బోర్లిచ్చి చూపించి, ఇగ రేపే అని చెప్పింది.

నా సర్వీసుల ఆ రోజు ఆఖరిది. సాయంత్రం ఆఫీసుల శాలువా కప్పిన్రు, పూలు ఇచ్చిన్రు, మంచి మాటలు చెప్పిన్రు. తెల్లారి నుంచి ఎక్కడికీ పోయేది లేదు, ఎనిమిది దాకా పండుకుంటనని ఇంట్ల అందరికీ చెప్పి పండుకున్న. ఆరు గొట్టంగ ఫోన్ మోగింది. సార్. బూట్లు వేసుకొని గేటు కాడ నిలబడ్డ, బకెట్ గూడ నేనే తెచ్చిన, నువ్వు బయల్దేరినవా అని అడిగిండు.